ఉడుపు – ఒద్దిక

ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన ఏడవ నిజాముకూ, ఆయన తండ్రి ఆరవ నిజాముకూ మధ్య గల భేదాలలో బట్టల భేదం ఒకటి. 1869 నుండి 1911 వరకు రాజ్యం చేసిన మహబూబ్ అలీఖాన్ ఒకసారి తొడిగిన దుస్తులు మరల తొడిగి ఎరుగడని ప్రతీతి. పురానీ హవేలీలో ఒక పార్శ్వం పొడవునా ఆయన బట్టల బీరువాలే ఉన్నవి. వాటికి రెండు అంతస్తులు. పై అంతస్తుకు పోవడానికి చేతితో తిప్పే కొయ్య లిఫ్టు. ఆయన కుమారుడు ఉస్మాన్ అలీఖాన్ బొమ్మను 1937లో అమెరికా పత్రిక 'టైమ్' ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖపత్రం మీద వేసినది. ఆ ధనవంతుడు మాత్రం మాసిన టోపీతో, నలిగిన షేర్వానీతో ఏళ్ళు గడిపినాడని ఆయనను చూసినవారు వ్రాసిపెట్టినారు.

ఈ తండ్రీకొడుకుల కథను విలాసానికీ పొదుపుకూ దృష్టాంతంగా చెప్పడం పరిపాటి. కాని తార్నాకలో అద్దెగదిలో ఉంటూ ఉద్యోగానికై చదువుకొనే యువకునికి ఈ ఇద్దరిలో ఎవరూ ఆదర్శం కాజాలరు. తండ్రికి లెక్కతో పని లేదు. కొడుకు నలిగిన షేర్వానీతో వచ్చినా ఎదుటివాడు లేచి నిలబడి సలాము చేసేవాడు. పేరూ, హోదా ముందుగా నడిచిపోయే మనిషికి బట్ట నలిగితేనేమి, నలగకపోతేనేమి! ఎవరూ ఎరుగని మనిషి ఒక గదిలో అడుగుపెట్టినప్పుడు మాత్రం అతనికంటె ముందు అతని చొక్కా మాట్లాడుతుంది. అది న్యాయమా కాదా అనే ప్రశ్న ఉండనే ఉన్నది. ఆ ప్రశ్న తేలేవరకు అతడు చొక్కా లేకుండా ఉండలేడు గదా.

తార్నాక కూడలిలో ఒక ఉదయం అరగంట నిలబడితే ఎన్ని విధాల ఉడుపులు కంటబడతవో చెప్పనలవి కాదు. ఒక ప్రక్క విశ్వవిద్యాలయం, మరొక ప్రక్క పోషకాహార సంస్థ, ఇంకొంచెం ముందుకు పోతే రసాయన సాంకేతిక సంస్థ, భూభౌతిక పరిశోధన సంస్థ. నడుమ ఆర్టీసీ ఆసుపత్రి. 2017 నవంబరు నుండి మెట్రో రైలు. శాస్త్రజ్ఞుడు, కండక్టరు, పరిశోధక విద్యార్థిని, పరీక్షలకు చదివే నిరుద్యోగి, బడికి పోయే పంతులమ్మ – అందరూ ఒకే కాలిబాట మీద నడుస్తారు. వీరిలో చాలమంది ఇండ్లలో బట్టలకు కొదువ లేదు. ఉదయం ఎనిమిది గంటలకు బీరువా తెరిచి, "వేసుకోవడానికి ఒక్కటీ లేదు" అనుకోవడానికీ కొదువ లేదు.

ఈ విచిత్రానికి కారణం వెదకడం కష్టం కాదు. పండుగకు ఒకటి, పెళ్ళికి ఒకటి, స్నేహితుడు కొన్నాడని ఒకటి, సగం ధరకు వచ్చినదని ఒకటి – ఈ విధంగా బట్టలు చేరుతవి. ఒక్కొక్కటి తన తోడును తానే వెంటబెట్టుకొని వస్తుంది, మరొకదానితో కలవదు. పదునెనిమిది బట్టలుండును – చొక్కాలు పన్నెండు, ప్యాంట్లు ఆరు. ప్రతి చొక్కా ఒక్క ప్యాంటుమీదనే ఒప్పునట్లైతే వాటితో పన్నెండు జతలకు మించి కావు. మరొకడు మూడు ప్యాంట్లు, అయిదు చొక్కాలు మాత్రమే ఉంచుకొన్నాడు. అయితే ప్రతి చొక్కా ప్రతి ప్యాంటుతోనూ ఒప్పునట్లు రంగులు చూసుకొన్నాడు. ఎనిమిది బట్టలు, పదునైదు జతలు. వారానికి ఆరు దినాలు బడి ఉన్నా, వేసిన జత మరల వేయకుండా రెండు వారాలు దాటిపోతవి. స్త్రీల విషయంలో ఈ లెక్క ఇంకా చిత్రంగా ఉంటుంది. అయిదు కుర్తాలు, మూడు సల్వార్లు, మూడు చున్నీలు పరస్పరం కలిసేటట్లు ఎన్నుకొంటే పదకొండు బట్టలతో నలభై అయిదు విధాలు. ఎనిమిదవ తరగతి పిల్లలకు గుణకారపు ప్రయోజనం చెప్పదలచిన లెక్కల మాస్టారికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

అందువల్ల బట్టల పెట్టెను బాగుచేయదలచినవారు మొదట చేయవలసిన పని కొనడం కాదు, తీసివేయడం. ఉన్నవన్నీ మంచంమీద పరచి, గడచిన సంవత్సరంలో ఒంటిమీదికి రానివి వేరు చేయవలె. బిగుతైనవి, రంగు వెలిసినవి, "సన్నబడితే వేసుకొందును" అనే ఆశతో దాచినవి – ఈ మూడవ రకమే అన్నిటికంటె ఎక్కువగా ఉంటుంది. మిగిలినవాటిని చూస్తే మనిషికి తన అసలు అభిరుచి ఏమిటో తెలిసివస్తుంది. నలుగురు మెచ్చినందుకు కొన్నది పెట్టె అడుగున ఉంటుంది. తనకు హాయిగా ఉన్నది ఉతికి ఉతికి పలుచబడి ఉంటుంది. కొత్తగా కొనదలచినది ఈ పలుచబడినదానికి తోబుట్టువు కావలె.

రంగుల సంగతి ఎవరి ఇష్టం వారిది. అయితే ఉపాధ్యాయునికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నది. అది సుద్దపొడి. నల్లని, ముదురు నీలపు ప్యాంటుమీద అది ఇట్టే కనబడుతుంది. బూడిదరంగు, ఇసుకరంగు దానిని తమలో కలుపుకొంటవి. పై బట్టలకు తెలుపు, లేత నీలం, గంధపు రంగు, సన్నని నిలువు గీతలు – ఇవి దేనితోనైనా కలుస్తవి. చీరలు కట్టేవారు రవికెలతో ఈ పని చేయవచ్చు. ప్రతి చీరకూ దాని రవికెనే అంటిపెట్టుకోక, నలుపు, మీగడరంగు, ముదురు ఎరుపు – మూడు మంచి రవికెలు చక్కగా అమరేటట్లు కుట్టించుకొంటే ఏడెనిమిది నూలుచీరలు కొత్తగా కనబడతవి.

ఇక బట్ట. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు పాలియెస్టరు నారను కనిపెట్టినారు. అది టెరిలిన్ అనే పేరుతో మన దేశానికి వచ్చి, 1960 ప్రాంతాలలో పెద్దమనిషి తరహాకు గుర్తైనది. ఉతికి ఆరవేస్తే చాలును, ఇస్త్రీతో పని లేదు. ఈ సుఖాన్ని తక్కువ చేసి మాట్లాడడం తగదు. హాస్టలులో బకెట్టు నీళ్ళతో బట్టలు ఉతుక్కొనే విద్యార్థికి గంజి పెట్టి ఆరవేసి ఇస్త్రీ చేసుకోమని ఉపదేశించేవారు ఆ పని ఒక నెల తాము చేసి చూడవలె. కాని వాతావరణం అనేది ఒకటి ఉన్నది. నూలు గాలిలోని తేమను తన బరువులో నూటికి ఎనిమిదిన్నర పాళ్ళ వరకు పట్టుకొంటుంది. పాలియెస్టరు పట్టేది అర పాలు కూడ లేదు. చెమటను ఆ బట్ట తీసుకోదు, ఒంటిమీదనే వదలివేస్తుంది. ఏప్రిల్ మాసంలో నలభై డిగ్రీల ఎండలో, పంకా తిరగని తరగతి గదిలో, అరవైమంది పిల్లల నడుమ ఆ అర పాలుకూ ఎనిమిదిన్నర పాళ్ళకూ గల అంతరం చొక్కా వీపుమీద స్పష్టంగా కనబడుతుంది. ప్రయోగశాలలో మరొక భయం. మంట తగిలితే నూలు కాలి బూడిద అవుతుంది. పాలియెస్టరు కరిగి చర్మానికి అంటుకొంటుంది. రసాయనశాస్త్రం చెప్పేవారు, చదివేవారు ఈ మాట మరువరాదు. రెండూ కలిపి నేసిన టెర్రీకాటన్ ఒక రాజీ. నూలు పాలు ఎక్కువగా ఉన్నదే ఎంచుకొంటే అది తెలివైన రాజీయే.

చేనేత విషయంలో తెలుగువారు నిజంగా అదృష్టవంతులు, ఆ అదృష్టాన్ని పెండ్లి చీరలవరకే వాడుకొంటున్నారు. తార్నాక నుండి ఒక పూట ప్రయాణంలో ఉన్న పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. దాని మర్మమంతా నేతకు ముందే జరిగిపోతుంది. నూలును ఎక్కడికక్కడ ముడులు కట్టి రంగులో ముంచుతారు. మగ్గంమీద పోగులు కలిసినప్పుడు బొమ్మ పుడుతుంది. అందుచేత బొమ్మ అంచులు కొంచెం చెదరినట్లు, నీటిలో తడిసినట్లు ఉంటవి. రెండు ప్రక్కలా ఒకే తీరుగా కనబడతవి. వెనుకవైపు వెలవెలబోతూ ఉంటే అది అచ్చు వేసిన అనుకరణ. ఈ ఒక్క పరీక్ష తెలిసినవాడు బజారులో మోసపోడు. కాని ఇక్కత్ బొమ్మ ఉన్నది ఒకటి చాలును. దాని ప్రక్కన నిలిచే సాదా బట్టయే నిత్యం పనికివస్తుంది. అందుకు మంగళగిరి నేత ఉన్నది. బిగువైన నేత, ఒంటినిండా బొమ్మలు లేవు, అంచు మాత్రమే సొగసు. అందులో 'నిజాం అంచు' అనే పేరుగల అంచు కూడ ఉన్నది. చొక్కాకు, కుర్తాకు, సల్వారుకు అది దేనికైనా ఒదుగుతుంది. ఉపాధ్యాయినుల నిత్యపు చీరకు నారాయణపేట నూలును మించినది అరుదు. గద్వాల చీర నూలు ఒడలు, పట్టు అంచు కలది కాబట్టి బడి వార్షికోత్సవానికీ, బంధువుల పెండ్లికీ ఒకటే సరిపోతుంది. పొందూరు ఖద్దరును గురించి ఎంత చెప్పినా తక్కువే. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి వడికే ఆ నూలు సన్నదనం వ్రేళ్ళకు తెలియవలసినదే గాని మాటలకు అందేది కాదు. అయితే దాని ధర కొత్త ఉపాధ్యాయునికి నిత్యపు ధర కాదు. ఒక్క చొక్కా చాలును.

బట్ట మంచిదైనంత మాత్రాన పని తీరదు. సిద్ధంగా దొరికే చొక్కా ఎవరి కొలతలకో కుట్టినది. తార్నాక వీధులలో ఒక యంత్రం, ఒక బల్ల, ఒక కత్తెర పెట్టుకొని కూర్చున్న దర్జీ ఒక మనిషి కొలతలకు కుడతాడు. 36 అంగుళాల పన్నా గల బట్ట అయితే నిండుచేతుల చొక్కాకు సుమారు రెండున్నర మీటర్లు పట్టుతుంది. 58 అంగుళాల పన్నా అయితే ఒకటిన్నర మీటరుకు కొంచెం పైన చాలును. నూలుబట్టను కుట్టడానికి ఇవ్వకముందు ఒకసారి నీళ్ళలో నానవేసి ఆరవేయవలె. కుదించుకుపోయేది ముందుగానే కుదించుకుపోతుంది. లోపల కుట్టు వెడల్పుగా వదలమని, ప్యాంటు అడుగున రెండంగుళాలు మడిచి ఉంచమని అడిగితే దర్జీ కాదనడు. వయస్సుతోపాటు నడుము మారుతుంది, ఎదిగే తమ్మునికి అన్న ప్యాంటు పోతుంది. పాతకాలపు దర్జీలు కాలరు అరిగితే దానిని విప్పి తిరగవేసి కుట్టేవారు. చొక్కాకు మరి రెండేళ్ళ ఆయుర్దాయం వచ్చేది. ఆ పని నేడు అడిగేవారు లేరు. అడిగితే చేయగలవారు ఇంకా ఉన్నారు.

చిరిగిన చొక్కా తొడుక్కొనియైనా మంచి పుస్తకం కొనుక్కోమనే హితవు ఎన్నో పాఠశాలల గోడలమీద కనబడుతుంది. పుస్తకానికి ఇవ్వవలసిన గౌరవం ఇంతని తెలియజెప్పిన మాట అది. చిరుగుకు గౌరవం ఇచ్చిన మాట కాదు. చిరుగుకు సూది, దారం చాలును. పుస్తకం కొన్న తరువాత కూడ సూదికి డబ్బులు మిగులుతవి. ఊడిన గుండీని ఆ రాత్రే కుట్టుకొనే మగపిల్లవాడు ఏ హాస్టలులోనైనా ఒకడుంటే మిగిలినవారు నవ్వుతారు, మరునాడు తమ చొక్కాలు కూడ తెచ్చి అతని ముందు పడవేస్తారు.

బట్టమీద శ్రద్ధ చూపడం చపలత్వమనే అభిప్రాయం విద్యావంతులలో నేటికీ ఉన్నది. దానికి గాంధీమహాత్ముని సాక్ష్యం తెస్తారు. 1921 సెప్టెంబరులో మధురలో ఆయన తక్కిన ఉడుపులన్నీ విడిచి కొల్లాయి కట్టినారు. బీదవారికి లేని బట్ట తనకు వద్దనుకొన్నారు. అది మహత్తర త్యాగం. కాని ఉస్మానియా ప్రాంగణానికి మరొక సాక్షి కూడ ఉన్నారు. 1953 జనవరిలో ఈ విశ్వవిద్యాలయం డాక్టర్ అంబేడ్కరుకు గౌరవ డాక్టరేటు ఇచ్చినది. ఎప్పుడూ మడత నలగని సూటు, టై కట్టుకొన్న మనిషి ఆయన. ఆయన సూటు పాశ్చాత్య వ్యామోహమని ఆక్షేపించినవారున్నారు. వారు దేశచరిత్రలో ఒక అధ్యాయం చదువలేదనుకోవలె. ఎవరు మోకాలికింది వరకు పంచె కట్టవచ్చునో, ఎవరు చెప్పులు తొడిగి ఊరిలో నడువవచ్చునో కులమే నిర్ణయించిన దేశమిది. తిరువాన్కూరులో రొమ్ముమీద గుడ్డ కప్పుకొనే హక్కుకోసం స్త్రీలు దశాబ్దాలపాటు పోరాడవలసి వచ్చినది. 1859లో గాని ఆ అనుమతి రాలేదు. కలవాడు విడిచితే త్యాగం. ఎన్నడూ కట్టనివ్వనివాడు కట్టితే అది హక్కు. రెండింటినీ ఒకే తూనికతో తూచరాదు.

ఈ మాట ప్రాంగణానికి వర్తించినంతగా మరెక్కడా వర్తించదు. ఇచ్చటికి ఏటా వచ్చేవారిలో ఇంటికి మొదటి చదువరులు ఎందరో. పల్లెలో పండుగకు కుట్టించిన జత, అన్న పెండ్లికి కుట్టించిన జత – రెండే జతలతో హాస్టలులో అడుగుపెట్టినవారు ఆర్ట్స్ కళాశాల మెట్లమీద ఇతరుల ఉడుపులను చూసి కొన్ని నెలలు తల వంచుకొని నడుస్తారు. 1939లో ఆ భవనం ప్రారంభమైన కాలంలో విద్యార్థి ఉడుపు షేర్వానీ. జాగీర్దారు కొడుకు పత్తి, పట్టు కలిపి ఔరంగాబాదులో నేసిన హిమ్రూతో కుట్టించుకొన్నా, గుమాస్తా కొడుకు ముతక నూలుతో కుట్టించుకొన్నా, దూరానికి రెండూ షేర్వానీలే. అందులో కొంత సమత ఉండేదని ఒప్పుకోవచ్చు. కాని అది రాజ్యం ఎన్నుకొన్న సమత. పంచె కట్టే ఇంటినుండి వచ్చినవానికి పరాయి ఉడుపు. 1948 తరువాత దాని స్థానంలో ఏ ఒక్క ఉడుపూ రాలేదు. స్వేచ్ఛ వచ్చినది, దానితోపాటు పోల్చిచూపుకొనే బాధ కూడ వచ్చినది. ఆ బాధనుండి బయటపడడానికి విద్యార్థి మొదటి స్కాలర్‌షిప్పు సొమ్ముతో సుల్తాన్‌బజారుకు పోయి మెరుగుబట్టలు నాలుగు కొంటాడు. మూడు ఉతుకులకు అవి దిగజారిపోతవి. నేటి కాలంలో బజారుకు పోవలసిన పని కూడ లేదు, ఫోనులోనే వాయిదాలమీద దొరుకుతవి. అరువు సొమ్ము బరువు చేటు అన్న పెద్దల మాట ఆ ఫోను తెరమీద ఎక్కడా కనబడదు. అదే సొమ్ముతో ఒక మంచి బూడిదరంగు ప్యాంటు, రెండు లేతరంగు నూలుచొక్కాలు, ఒక జత తోలుచెప్పులు కొని, ఉన్నవాటిని కుట్టించి ఇస్త్రీ చేయించుకొంటే తల వంచవలసిన పని లేదు. ధనవంతుని కొడుకుకు వాని ముందు గర్వపడడానికి అవకాశం దొరకదు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో ధర కనబడదు. అదే దాని గొప్ప.

2024 అక్టోబరులో తెలంగాణలో సుమారు 10,000 మంది కొత్త ఉపాధ్యాయులు ఒక్కసారి నియామకపత్రాలు అందుకొన్నారు. అట్టివారు మొదటి జీతంతో కొనేవాటిలో బట్టలు తప్పక ఉంటవి. ఏమి కొనవలెనో ప్రభుత్వాలే చెప్పాలనే వాదం ఇటీవల బలపడుతున్నది. మహారాష్ట్ర ప్రభుత్వం 2024 మార్చిలో ఉపాధ్యాయులు జీన్స్, టీషర్టులు వేయరాదని ఉత్తరువు చేసినది. కేరళలో 2021 నవంబరులో ఇందుకు భిన్నంగా, అధ్యాపకురాండ్రు చీరే కట్టవలెనన్న నిర్బంధం లేదని ప్రభుత్వం మరల స్పష్టం చేయవలసి వచ్చినది. ఈ రెండింటిలో కేరళ మార్గమే మేలైనదనక తప్పదు. పిల్లలకు విచక్షణ నేర్పవలసినవానికి తన చొక్కా విషయంలో విచక్షణ లేదని ఉత్తరువు ముందుగానే తీర్మానిస్తుంది. పైగా ఇట్టి నిర్బంధాల బరువు స్త్రీల మీదనే ఎక్కువగా పడుతుంది. రెండు బస్సులు మారి, ఏడు పాఠాలు చెప్పి, సాయంకాలం ఇంటికి పోయి వంట చేయవలసిన ఉపాధ్యాయినికి చీర హాయిగా ఉన్నదా, సల్వారు హాయిగా ఉన్నదా అనేది ఆమెకు తెలిసినంతగా సచివాలయానికి తెలియదు.

అయితే ఉత్తరువు వద్దన్నవారిమీద ఒక బాధ్యత పడుతుంది. ప్రభుత్వ పాఠశాలలో పిల్లవానికి ఏడాదికి ఇచ్చేవి రెండు జతల ఏకరూప దుస్తులు. సోమవారం వేసినది మంగళవారం తల్లి ఉతికితే గాని బుధవారానికి రాదు. వానకాలంలో తడి ఆరని చొక్కాతోనే కొందరు బల్లమీద కూర్చుంటారు. వారి ముందు నిలబడే మనిషి రోజుకొక కొత్త మెరుపుతో వస్తే పిల్లలు పాఠం మాని మెరుపును లెక్కిస్తారు. మాసి, గుండీలు ఊడిన చొక్కాతో వస్తే, తమ బడికి ఇంత చాలును అనుకొన్నాడని గ్రహిస్తారు. పిల్లలు ఇట్టివి నోటితో అనరు. ఎనిమిది బట్టలను పదునైదు విధాలుగా మార్చి, ఉతికి, ఇస్త్రీ చేసి కట్టుకొని వచ్చే ఉపాధ్యాయుని దుస్తులను వారు గమనించరు. ఆయన ముఖం చూస్తారు.

ఒక్క చిన్న సంగతి దర్జీలకు చెప్పవలసి ఉన్నది. పురుషుల చొక్కాకు అడుగకుండానే జేబు కుడతారు. ఉపాధ్యాయిని కుర్తాకు అడిగినా కుట్టరు, కుట్టినా అందులో రూపాయి నాణెం కంటె పెద్దది పట్టదు. సుద్దముక్కలు, కళ్ళజోడు, ఫోను, గది తాళంచెవి – ఇవన్నీ ఆమెకూ ఉన్నవి. తరువాతి కుర్తా కుట్టించేటప్పుడు బట్ట మరొక పావు మీటరు ఎక్కువ తీసుకొని, ప్రక్కకుట్టులో అరచెయ్యి పూర్తిగా దిగేంత లోతు జేబు పెట్టమని, కొలత చూపి మరీ చెప్పవలె.